వాకీటాకీ సెట్ వాడటం, సురక్షితంగా ఛార్జ్ చేయటం ఎలా?

దసరా మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి కింద నిలబడి ఫోన్ చేస్తే సిగ్నల్ గీతలు నిండుగానే కనపడతాయి, కాల్ మాత్రం కలవదు. అన్ని వేల మంది ఒకే టవర్ మీద పడితే జరిగేది అదే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల నీళ్లు నిలిచినప్పుడు ఇబ్బంది ఇంకో రకం. కరెంటు లేదు, ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయింది, పక్క వీధిలో ఉన్న మనిషికి కూడా కబురు పంపలేని పరిస్థితి. వాకీటాకీ విలువ తెలిసేది ఇలాంటప్పుడే. దానికి టవర్ అక్కర్లేదు, రీఛార్జ్ అక్కర్లేదు. ఒక బటన్ నొక్కితే పది మందికీ ఒకేసారి మాట చేరుతుంది.

అందుకే వినాయక ఉత్సవ కమిటీలు, అన్నదానం చేసే బృందాలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, ఫంక్షన్ హాళ్లు, గుంటూరు వైపు కోల్డ్ స్టోరేజీలు కూడా సెట్లు కొంటున్నాయి. కొన్నాక వినపడే ఫిర్యాదు దాదాపు ఒకటే: "సరిగ్గా పనున్న రోజే పని చేయలేదండీ." నేను చూసినంతలో అందులో ఎక్కువ సార్లు తప్పు సిగ్నల్‌ది కాదు, బ్యాటరీది. సగం ఛార్జింగ్‌తో స్టాండ్ నుంచి తీసినది, ఎండలో కాగినది, ఆరు నెలలు బీరువాలో పడి ఉన్నది. సెట్ ఆ రోజు పనికొస్తుందా లేదా అన్నది ముందురోజు సాయంత్రం ఛార్జింగ్ పెట్టే బల్ల దగ్గరే తేలిపోతుంది. అందుకని ఇక్కడ మాట్లాడటం గురించి కంటే ఛార్జింగ్ గురించే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

ముందు కొనేటప్పుడు

మన దేశంలో ఏ వాకీటాకీ పడితే ఆ వాకీటాకీ వాడకూడదు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు మాత్రం 2018 అక్టోబరులో కేంద్రం తెచ్చిన నిబంధనల వల్ల లైసెన్స్ అవసరం లేదు. సాధారణంగా ఇవి అర వాట్ సెట్లు. ఉత్సవాలకి, అపార్ట్‌మెంట్లకి ఇవే సరిపోతాయి. సెట్‌కి ఈటీఏ, అంటే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉందో లేదో అడగండి. డబ్బా మీద గానీ పుస్తకంలో గానీ ఫ్రీక్వెన్సీ రాసి ఉండాలి. రాసి లేకపోతే కొనొద్దు.

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి దొరికే ఐదు వాట్ల సెట్లు చూసి చాలామంది ఆశపడతారు. అవి విశాలమైన బ్యాండులో ఏ ఫ్రీక్వెన్సీ పెడితే దాని మీద పనిచేస్తాయి. పోలీసులు, అగ్నిమాపక శాఖ, విమానాలు వాడే ఫ్రీక్వెన్సీలకి అడ్డు తగిలే ప్రమాదం ఉంది. లైసెన్స్ లేకుండా వాటిని వాడితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద నేరం. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి సెట్లు అమ్మిన ఈ-కామర్స్ సంస్థలకి నోటీసులు ఇచ్చి, ఆ అమ్మకాల మీద మార్గదర్శకాలు కూడా తెచ్చింది. "అందరూ వాడుతున్నారుగా" అనే మాట తనిఖీ వచ్చిన రోజు పనికిరాదు. రేడియో మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్లు పరీక్ష రాసి హామ్ (అభిరుచి కోసం వాడే అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ తీసుకోవచ్చు. పన్నెండేళ్లు నిండితే చాలు. మన యువకులు ఎక్కువమంది అటు రావాలని నా కోరిక, ఎందుకంటే తుపానులు తగిలే తీరం మనది. అయితే హామ్ లైసెన్స్‌తో వ్యాపార పనులకి, కమిటీ పనులకి మాట్లాడకూడదు, అది వేరే సంగతి.

కొనేటప్పుడు ఇంకొక్క మాట. సెట్‌తో పాటు విడి బ్యాటరీ ఆ మోడల్‌కి దొరుకుతుందా అని అడిగి కొనండి. బ్యాటరీ దొరకని సెట్ రెండేళ్లకి బొమ్మ అవుతుంది.

మొదటిసారి ఛార్జింగ్ పెట్టే ముందు

డబ్బా తెరవగానే పిల్లలు ఆన్ చేసి "హలో హలో" అంటారు. కాసేపు ఆగమనండి. ముందు బ్యాటరీ వెనకవైపు లేబుల్ చదవండి. లిథియం అయాన్ అని, 3.7 వోల్టులో 7.4 వోల్టులో అని ఉంటుంది. 3.7 అంటే ఒక సెల్, 7.4 అంటే రెండు సెల్స్ వరుసగా కలిపినది. 7.4 వోల్టుల బ్యాటరీ పూర్తిగా నిండితే 8.4 వోల్టులకి వస్తుంది. అంతకు మించి ఎక్కితే ప్రమాదం. అంతకు మించకుండా చూసుకునేది ఛార్జింగ్ స్టాండ్‌లో ఉన్న సర్క్యూట్. అందుకే ఆ సెట్‌తో వచ్చిన స్టాండే వాడాలి.

ఇప్పుడు అడాప్టర్ చూడండి. దాని మీద "అవుట్‌పుట్" అన్న చోట వోల్టులు, మిల్లీయాంపులు ఉంటాయి. అడాప్టర్ పాడై కొత్తది తెచ్చుకోవాల్సి వస్తే వోల్టులు అచ్చంగా అంతే ఉండాలి. మిల్లీయాంపులు అంతే గానీ కొంచెం ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. "పిన్ సరిపోయింది" అని పాత మోడెమ్ అడాప్టర్‌ని, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్‌ని గుచ్చేవాళ్లని చూస్తుంటాం. పిన్ ఒకటే అయినా ఒకటి 5 వోల్టులు, ఇంకోటి 9, మరోటి 12. ఈ పొరపాటుతోనే స్టాండ్లు మాడిపోతాయి. పాత అడాప్టర్లన్నీ ఒకే సొరుగులో ఉండే ఇల్లైతే, వాకీటాకీ అడాప్టర్ వైరుకి తెల్ల టేపు చుట్టి "సెట్" అని రాసుకోండి.

భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ గుర్తు కోసం కూడా చూడండి. అడాప్టర్ మీద ఐఎస్ 13252 అని, లిథియం బ్యాటరీ మీద ఐఎస్ 16046 అని, పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటాయి. గవర్నర్‌పేటలో కొన్నా, ఇంటికే తెప్పించుకున్నా ఈ రెండు గుర్తులు లేని సరుకు తీసుకోవద్దు.

కొన్ని చిన్న సెట్లలో పెన్సిల్ సెల్స్ వేస్తారు. మామూలు ఆల్కలైన్ సెల్స్ వేసి స్టాండ్‌లో పెడితే అవి కారతాయి, ఒక్కోసారి పగులుతాయి. సెల్ మీద "రీఛార్జబుల్" అని ఉంటేనే ఛార్జింగ్ పెట్టాలి. కొత్తవీ పాతవీ కలిపి వేయకూడదు.

ఛార్జింగ్ పెట్టే పద్ధతి

సెట్ ఆఫ్ చేయండి. పైన వాల్యూమ్ నాబ్‌ని ఎడమవైపు 'టిక్' మనే దాకా తిప్పితే ఆఫ్ అయినట్టు. ఆన్‌లో ఉంచి ఛార్జ్ చేస్తే స్టాండ్ ఇచ్చే కరెంటులో కొంత సెట్ తినేస్తుంది, ఛార్జింగ్ ఎప్పుడు పూర్తయిందో స్టాండ్ సరిగ్గా తెలుసుకోలేదు. స్టాండ్‌లో ఉండగా బటన్ నొక్కి మాట్లాడటం అసలు పనికిరాదు.

బ్యాటరీ వెనక ఇత్తడి రంగులో మెరిసే చిన్న బిళ్లలు ఉంటాయి, అవే కాంటాక్టులు. పొడి గుడ్డతో తుడవండి. నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి దులిపేయండి. బ్లేడు, ఉప్పుకాగితం వద్దు. మిర్చి యార్డులోనూ, కారం మిల్లుల్లోనూ వాడే సెట్లకి ఇది రోజూ చేయాల్సిన పని. ఆ ఎర్రటి దుమ్ము కాంటాక్టుల మీద పలచగా పేరుకుంటే స్టాండ్‌లో లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. చాలామంది ఛార్జర్ పోయిందనుకుని కొత్తది కొనేస్తారు, గుడ్డతో తుడిస్తే బాగయ్యేదానికి.

తర్వాత స్టాండ్‌కి అడాప్టర్ కలిపి, ప్లగ్ పెట్టి, స్విచ్ వేసి, ఆఖరున సెట్‌ని స్టాండ్‌లో దించండి. ఎర్ర లైటు అంటే ఎక్కుతోంది, పచ్చ లైటు అంటే నిండింది. ఎక్కువ మోడల్స్‌లో అంతే, తేడా ఉంటే పుస్తకంలో ఉంటుంది. ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోవటం తేలికే. బ్యాటరీ 1500 ఎంఏహెచ్ (మిల్లీయాంపు-గంటలు), స్టాండ్ ఇచ్చేది 500 మిల్లీయాంపులు అయితే మూడు గంటలు. చివర్లో లిథియం బ్యాటరీ నిదానంగా నిండుతుంది కాబట్టి ఇంకో అరగంట, గంట కలుపుకోండి. ఈ లెక్క కమిటీలో ఒకరికైనా తెలిసి ఉండాలి. ఊరేగింపు ఆరింటికి అనుకుని నాలుగింటికి ఛార్జింగ్ పెడితే ఏమవుతుందో అప్పుడు ముందే తెలుస్తుంది.

పచ్చ లైటు వచ్చాక సెట్ తీసేయండి. రాత్రంతా వదిలేయటం అలవాటు చేసుకోవద్దు. మంచి స్టాండ్ నిండగానే ఆపేస్తుంది, నిజమే. కానీ ఆ ఆపే సర్క్యూట్ చెడిపోయిన రోజు మీరు మేలుకుని ఉండాలి. పడుకునే ముందు పెట్టకండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టకండి.

ఎక్కడ పెడుతున్నారన్నదీ చూసుకోవాలి. గచ్చు మీదో గ్రానైట్ గట్టు మీదో పెట్టండి. మంచం, సోఫా, దిండు, కర్టెన్ పక్కన, పేపర్ల కట్టల మీద వద్దు. గ్యాస్ పొయ్యి దగ్గర వద్దు. ఇంటి నుంచి బయటికి పోయే ఒక్క దారిలో, మెట్ల కింద అసలు వద్దు. నిప్పు పుడితే ఆ దారే మూసుకుపోతుంది.

పది సెట్లు ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టొచ్చా అని అడుగుతుంటారు. ఒక్కో స్టాండ్ తీసుకునేది ఐదు నుంచి పది వాట్లు, పది కలిపినా వంద వాట్లు దాటదు. కాబట్టి లోడుతో బాధ లేదు. బాధంతా వదులుగా ఉన్న ప్లగ్గులతో. వదులు ప్లగ్ దగ్గర నిప్పురవ్వలు వచ్చి ప్లాస్టిక్ కరుగుతుంది. గంటకోసారి ప్లగ్గుల మీద చెయ్యి పెట్టి చూడండి. వేడి తెలుస్తుంటే ఆ బాక్స్ మార్చండి. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్స్ గుచ్చొద్దు.

పందిట్లో జనరేటర్ మీద ఛార్జింగ్ పెట్టటం మాత్రం నాకు నచ్చని పని. మైకులు, లైట్లు, చైన్ లైట్లు ఆన్, ఆఫ్ అయినప్పుడల్లా వోల్టేజీ ఎగుడుదిగుడు అవుతుంది. ఇంట్లో పెట్టుకుని నిండు బ్యాటరీతో రండి. కరెంటు పోతే స్విచ్ ఆపేయండి, వచ్చాక ఐదు నిమిషాలు ఆగి వేయండి. కరెంటు తిరిగి వచ్చే క్షణంలో వోల్టేజీ ఒక్కసారి ఎగరొచ్చు.

మన ఎండలు, కోల్డ్ స్టోరేజీలు

లిథియం అయాన్ బ్యాటరీలని సున్నా డిగ్రీల నుంచి 45 డిగ్రీల మధ్య ఛార్జ్ చేయాలని తయారీదారులు చెబుతారు. విజయవాడలో రోహిణి కార్తెలో మధ్యాహ్నం బయటి ఎండే ఆ దరిదాపులకి వస్తుంది. ఇక అద్దాలు మూసిన కారు డాష్‌బోర్డు సంగతి చెప్పక్కర్లేదు. కారులో సెట్ వదిలి వెళ్లకండి. బండి సీటు కింద డిక్కీలో కూడా అంతే.

ఎండలో పనిచేసి వచ్చిన సెట్‌ని నేరుగా స్టాండ్‌లో పెట్టొద్దు. బ్యాటరీ మీద వేలు పెట్టండి. ఒంటి వేడి కన్నా ఎక్కువ తెలిస్తే ఫ్యాను కింద అరగంట ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చటం వద్దు, తీయగానే తేమ పట్టేస్తుంది. వేసవిలో ఛార్జింగ్‌కి మంచి వేళ తెల్లవారుజాము. గది చల్లగా ఉంటుంది, మనం లేచే ఉంటాం.

గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో వ్యవహారం తిరగబడుతుంది. లోపల చలి, బయట ఎండ. చల్లటి గది నుంచి బయటికి రాగానే సెట్ మీద చెమట పట్టినట్టు నీటి చుక్కలు వస్తాయి, అవి కాంటాక్టుల మీద కూడా ఉంటాయి. లోపలి నుంచి తెచ్చిన సెట్‌ని తుడిచి, బయటి వేడికి వచ్చేదాకా ఆగి, పూర్తిగా ఆరాకే ఛార్జింగ్‌కి పెట్టాలి. ఇంకోటి, చలిలో బ్యాటరీ తొందరగా దిగినట్టు కనిపిస్తుంది. లోపల పనిచేసేవాళ్లు సెట్‌ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటే కొంత నయం.

ఇవి కనపడితే ఆపేయాలి

బ్యాటరీని చదునైన బల్ల మీద పెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా తిరిగితే అది ఉబ్బినట్టు. ఉబ్బిన బ్యాటరీని నొక్కొద్దు, గుచ్చొద్దు, మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు. కింద పడి పగిలినా, మందుల షాపు వాసన లాంటిది వస్తున్నా, ఛార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నా అంతే.

పొగ వస్తే ముందు మెయిన్ ఆపండి. సెట్‌ని చేత్తో పట్టుకుని బయటికి విసిరేద్దామని పరుగెత్తకండి, చేతులు కాలేది అక్కడే. దగ్గరున్న బట్టలు, కాగితాలు తీసేయగలిగితే తీసి, కరెంటు ఆగిందని తెలిశాక దూరం నుంచి బకెట్లతో నీళ్లు పోయండి. చిన్న లిథియం అయాన్ బ్యాటరీకి నీళ్లు పనికొస్తాయి, చల్లార్చటమే అక్కడ ముఖ్యం. ఇసుక చల్లితే మంట వ్యాపించకుండా ఆగుతుంది. ఆ పొగ విషం, పీల్చకండి. మంట చెయ్యి దాటుతోందనిపిస్తే తలుపు మూసి అందర్నీ బయటికి పంపి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

విడి బ్యాటరీని జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి వేసుకోకూడదు. రెండు కాంటాక్టుల మీద ఒక తాళంచెవి అడ్డం పడితే చాలు, జేబులోనే కాలుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి.

మాట్లాడటం

ఇప్పుడు సెట్ చేతిలోకి తీసుకోండి. ఆన్ చేసి, అందరూ ఒకే ఛానల్‌లో ఉన్నారా చూసుకోండి. ఛానల్‌తో పాటు టోన్ కోడ్ అని ఒకటి ఉంటుంది, అదీ అందరికీ ఒకటే ఉండాలి. ఒకరిది తేడా ఉంటే ఆ మనిషికి మాట వినపడదు, సెట్ పాడైందనుకుంటారు. ఈ టోన్ కోడ్‌ని కొన్ని డబ్బాల మీద "ప్రైవసీ కోడ్" అని రాస్తారు. అది పరాయివాళ్ల మాటలు మీకు వినపడకుండా ఆపుతుంది, అంతే. మీ మాటలు పరాయివాళ్లు వినకుండా ఆపదు. హుండీ డబ్బు ఎప్పుడు లెక్కపెడుతున్నారు, తప్పిపోయిన పాప ఎక్కడ నిలబడి ఉంది లాంటివి సెట్‌లో చెప్పొద్దు. వాటికి మనిషిని పంపండి.

యాంటెన్నా నిటారుగా ఉండాలి. యాంటెన్నా పట్టుకుని సెట్ ఎత్తకండి. విప్పదీసే యాంటెన్నా అయితే అది లేకుండా ఎప్పుడూ బటన్ నొక్కొద్దు, లోపలి భాగాలు పోతాయి. సెట్‌ని మూతికి రెండు మూడు అంగుళాల దూరంలో, కొంచెం పక్కగా పట్టుకోండి. మామూలు గొంతుతో మాట్లాడండి. అరిస్తే మాట పగిలి అవతల వాళ్లకి గరగర తప్ప ఏమీ అర్థం కాదు. డప్పుల మోతలో కూడా ఇంతే, మైకుకి చెయ్యి అడ్డం పెట్టుకోండి గానీ గొంతు పెంచకండి.

బటన్ నొక్కి ఒక సెకను ఆగి మొదలుపెట్టండి. మాట పూర్తయ్యాక ఇంకో అర సెకను ఆగి వదలండి. మన భాషలో ఈ రెండోది మరీ ముఖ్యం. క్రియ చివర్న వస్తుంది, కాదనటమూ ఔననటమూ అక్కడే తేలుతుంది. "జనాన్ని పైకి పంప..." దగ్గర బటన్ వదిలేస్తే అవతలి మనిషికి పంపించాలో పంపొద్దో తెలియదు. కాబట్టి ఆపాల్సినప్పుడు ఆ మాట ముందే అనండి: "ఆపండి, ఆపండి. పైకి పంపొద్దు." మొదటి మాట చేరినా చాలు, పని జరుగుతుంది.

అంకెలతోనూ ఇదే చిక్కు. పదిహేను, పదిహేడు సెట్‌లో ఒకేలా వినపడతాయి. ఇరవై, అరవై కూడా అంతే. "ఒకటి, ఏడు. పదిహేడు" అని విడదీసి చెప్పండి. అన్నదానం దగ్గర ఇరవై విస్తళ్లు అడిగితే అరవై రావటం నష్టం కాదు గానీ, అంబులెన్స్‌ని పదిహేడో నంబరు ఘాట్‌కి రమ్మంటే పదిహేనుకి పోతే నష్టమే.

పిలిచేటప్పుడు ముందు అవతలి పేరు, తర్వాత మన పేరు. మనుషుల పేర్ల కంటే స్థలాల పేర్లు మేలు, షిఫ్టు మారినా పేరు మారదు. ఇలా ఉంటుంది:

"వంటశాల, వంటశాల, గేటు నుంచి."

"చెప్పన్నా గేటు."

"ఇంకో రెండు వందల మంది లైన్లో ఉన్నారు. రెండు సున్నా సున్నా. సాంబారు సరిపోద్దా? ఓవర్."

"రెండు వందలు. అన్నం సరిపోద్ది, సాంబారుకి పావుగంట పట్టుద్ది. లైను మెల్లగా వదలండి. ఓవర్."

"సరే, మెల్లగా వదుల్తాం. గేటు అవుట్."

విన్న ముక్కని తిరిగి చెప్పటం గమనించండి, పొరపాట్లు దొరికేది అక్కడే. "ఓవర్" అంటే నా మాట అయింది, నీ వంతు. "అవుట్" అంటే ఇక ముగిసింది. రెండూ కలిపి అనక్కర్లేదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నొక్కితే రెండు మాటలూ పోతాయి, అందుకని ఖాళీ దొరికేదాకా ఆగాలి. నిజంగా అత్యవసరమైతే "అర్జెంట్, అర్జెంట్" అని పిలవాలని, అది వినగానే మిగతా అందరూ మౌనంగా ఉండాలని ముందే ఒప్పందం చేసుకోండి. కమిటీలో పెద్దవాళ్లు ఈ నియమం పాటిస్తే కుర్రాళ్లు తప్పకుండా పాటిస్తారు.

తక్కువ మాట్లాడటం బ్యాటరీకి కూడా మంచిది. బటన్ నొక్కి మాట్లాడేటప్పుడు ఖర్చయ్యే కరెంటు, ఊరికే వింటున్నప్పటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కంపెనీలు చెప్పే గంటల లెక్క సాధారణంగా వందలో ఐదు వంతులు మాట్లాడటం, ఐదు వంతులు వినటం, తొంభై వంతులు ఊరికే ఉండటం అన్న అంచనాతో వేస్తారు. ఊరేగింపులో అలా ఉండదు. పుస్తకంలో పన్నెండు గంటలని ఉంటే ఏడెనిమిది గంటలే అనుకుని విడి బ్యాటరీ సిద్ధం చేసుకోండి.

ఎంత దూరం అందుతుంది?

డబ్బా మీద "10 కిలోమీటర్లు" అని ఉంటే అది కొండ మీద నుంచి కొండ మీదకి కొలిచిన దూరం అనుకోండి. అర వాట్ సెట్ మన వీధుల్లో కొన్ని వందల మీటర్లు, ఖాళీ చోట రెండు మూడు కిలోమీటర్లు ఇస్తే మంచిదే. కృష్ణ మీద బాగా అందుతుంది. దుర్గాఘాట్ నుంచి సీతానగరం ఒడ్డుకి మధ్యలో నీళ్లు తప్ప అడ్డం ఏమీ లేదు. అదే వన్ టౌన్ నుంచి విద్యాధరపురానికి దూరం తక్కువే అయినా మధ్యలో కొండ ఉంది, మాట దాటదు. చిట్టినగర్ సొరంగంలో అసలు ఆశపెట్టుకోవద్దు. అలాంటి చోట రెండు వైపులా వినపడే మలుపులో ఒక మనిషిని నిలబెట్టి, ఇటు మాట అటు చెప్పించాలి. రేకుల షెడ్లు, కోల్డ్ స్టోరేజీ గోడలు, లిఫ్టులు కూడా సిగ్నల్‌ని మింగేస్తాయి. అందటం లేదనిపిస్తే రెండడుగులు పక్కకి జరగండి, లేదా మెట్టెక్కండి, సెట్‌ని నడుము దగ్గర్నుంచి తీసి తల ఎత్తుకి పట్టుకోండి. ఏ పండుగకైనా ముందురోజే సెట్లు పట్టుకుని దారంతా నడిచి, ఎక్కడ మాట పోతోందో కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి.

గ్యాస్ లీకైన వాసన వస్తున్న చోట, పెట్రోల్ బంకులో బటన్ నొక్కొద్దు. బయటికి వచ్చి మాట్లాడండి. ఆస్పత్రి ఐసీయూలోకి వెళ్లేటప్పుడు ఆఫ్ చేయండి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు సెట్‌ని చొక్కా పై జేబులో పెట్టుకోకూడదు.

తడిస్తే

ముందు ఆఫ్ చేసి బ్యాటరీ తీసేయండి, మిగతాదంతా తర్వాత. పొడిగుడ్డతో తుడిచి, నీడలో, గాలి తగిలే చోట కనీసం ఒక రోజు ఆరనివ్వండి. బియ్యంలో పెడితే పొట్టు, నూక లోపలికి పోతాయి తప్ప లాభం లేదు. హెయిర్ డ్రయర్ వేడి తగలనీయొద్దు. సూర్యలంక బీచ్‌లో ఉప్పునీళ్లు పడితే మంచినీళ్లలో తడిపిన గుడ్డతో ఉప్పంతా తుడిచి అప్పుడు ఆరబెట్టాలి, లేకపోతే కాంటాక్టులు పచ్చగా చిలుము పడతాయి. నీళ్లలో మునిగిన బ్యాటరీని మాత్రం మళ్లీ ఛార్జింగ్‌కి పెట్టకండి. సెట్ బతికినా బ్యాటరీ కొత్తది కొనండి.

పండుగ అయిపోయాక

చాలా సెట్లు చచ్చిపోయేది ఇక్కడే. అందరూ అలసిపోయి ఉంటారు, సెట్లన్నీ ఒక సంచిలో వేసి బీరువాలో పెడతారు. ఒకటో రెండో ఆన్‌లోనే ఉంటాయి. నెలల తరబడి అలా ఉంటే బ్యాటరీ పూర్తిగా అడుగంటి, మళ్లీ ఛార్జింగ్ తీసుకోదు. స్టాండ్‌లో పెడితే ఎర్ర లైటు కొట్టుకుంటూ ఉంటుంది. వైర్లు తగిలించి బలవంతంగా లేపటం కొందరు చేస్తారు. లిథియం బ్యాటరీతో ఆ పని చేయకండి, నిప్పు పుట్టే అవకాశం ఎక్కువ.

దాచేటప్పుడు బ్యాటరీ నిండుగానూ ఉండకూడదు, ఖాళీగానూ ఉండకూడదు. సగం దగ్గర ఉంచి, సెట్ నుంచి విడదీసి, చల్లటి పొడి చోట పెట్టండి. మూడు నెలలకోసారి తీసి చూసి, దిగితే మళ్లీ సగానికి ఎక్కించండి. ఈ పని ఒకే మనిషికి అప్పగించి, ఫోన్‌లో రిమైండర్ పెట్టించండి. అందరిదీ అనుకుంటే ఎవరూ చేయరు. ప్రతి బ్యాటరీ మీద మార్కర్‌తో నంబరు, కొన్న నెల రాయండి. ఏ నంబరు బ్యాటరీ ఎంతసేపు వచ్చిందో రాసుకుంటే, పాడయ్యేది ముందే తెలిసిపోతుంది. కొత్తదానిలో సగం సేపు కూడా రాకపోతే దాన్ని మార్చాల్సిందే.

పాత బ్యాటరీని చెత్త బండిలో వేయొద్దు. బండిలో నలిగితే అక్కడే అంటుకుంటుంది, ఆ చెత్త తీసే మనిషికి దెబ్బ. కాంటాక్టుల మీద టేపు అంటించి, కొన్న షాపులో గానీ ఈ-వేస్ట్ తీసుకునే చోట గానీ ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలని తిరిగి సేకరించాల్సిన బాధ్యత తయారీదారులదే. కొత్త బ్యాటరీ కొనేటప్పుడే పాతది తీసుకుంటారా అని షాపులో అడగండి. "తీసుకోం" అంటే, తీసుకునే ఇంకో షాపులో కొనండి.